అసిటనిలైడ్ నుంచి పారా-బ్రోమోఅసిటనిలైడ్ తయారీ

అనిలిన్‌కు నేరుగా బ్రోమిన్ నీరు కలిపితే చర్య ఒక్క బ్రోమిన్‌తో ఆగదు. క్షణాల్లో 2,4,6-ట్రైబ్రోమోఅనిలిన్ తెల్లగా అవక్షేపిస్తుంది. మనకు కావాల్సింది పారా స్థానంలో (వలయంలో నైట్రోజన్‌కు సరిగ్గా ఎదురుగా) ఒక్క బ్రోమిన్ మాత్రమే. అందుకే అనిలిన్ నైట్రోజన్‌కు ఎసిటైల్ సమూహం తగిలించిన అసిటనిలైడ్‌తో మొదలుపెట్టాలి. ఇందులోని ఎసిటైల్ సమూహం నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్ జంటను కొంత లాక్కుంటుంది, ఆర్థో స్థానాలకు (నైట్రోజన్ ఉన్న కార్బన్‌కు పక్కవి) అడ్డు కూడా పడుతుంది. అయినా వలయం తగినంత చురుగ్గానే ఉంటుంది కనుక ఫెర్రిక్ బ్రోమైడ్ లాంటి ఉత్ప్రేరకం అక్కర్లేదు.

పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువులను బయటికి లాగే అర). కళ్ళద్దాలు, మందపాటి గ్లౌజులు తప్పనిసరి. పల్చటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి బ్రోమిన్ త్వరగా దిగిపోతుంది. ఒలికితే పోయడానికి 10% సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ముందే పక్కన పెట్టుకోండి. చర్మం మీద పడితే మాత్రం ముందు ధారాళంగా నీళ్ళు, వెంటనే వైద్యం.

2.7 గ్రా. అసిటనిలైడ్‌ను 10 మి.లీ. గ్లేషియల్ (దాదాపు నీరు లేని) అసిటిక్ ఆమ్లంలో కరిగించండి. విడిగా 1.05 మి.లీ. బ్రోమిన్‌ను 5 మి.లీ. అదే ఆమ్లంలో కలిపి డ్రాపింగ్ ఫన్నెల్‌లో (చుక్కలుగా వదిలే కుళాయి ఉన్న గరాటు) తీసుకోండి. ఫ్లాస్కును చన్నీళ్ళలో ఉంచి, కలియబెడుతూ చుక్కచుక్కగా వేయండి. మంచులో పెట్టకండి: గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం 16.6° సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. ప్రతి చుక్క రంగూ దాదాపు పోయాకే తర్వాతి చుక్క. తొందరపడినా, బ్రోమిన్ ఎక్కువైనా 2,4-డైబ్రోమో ఉత్పన్నం తోడవుతుంది. చివర్లో లేత నారింజ రంగు నిలవాలి.

అరగంట ఆగి, 100 మి.లీ. మంచునీటిలో బాగా కలుపుతూ పోయండి. పసుపు మిగిలితే సోడియం బైసల్ఫైట్ కొద్దికొద్దిగా వేయండి. ఇక్కడ థయోసల్ఫేట్ వాడితే ఆమ్లంలో గంధకం విడిపోయి, పాలలా తెల్లబడి ఉత్పన్నంలో కలిసిపోతుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. బుక్నర్ గరాటులో (గాలి లాగి వడపోసే గరాటు) వడపోసి, ఆమ్లం వాసన పోయేదాకా చన్నీటితో కడగండి.

వేడి ఇథనాల్‌లో, వీలైనంత తక్కువ పరిమాణంలో, పునఃస్ఫటికీకరణ చేయండి (కరిగించి, చల్లార్చి మళ్ళీ స్ఫటికాలు కట్టించడం). ఆర్థో సమాంగం (బ్రోమిన్ ఆర్థో స్థానంలో చేరిన రూపం) ఎక్కువగా ద్రావణంలోనే ఉండిపోతుంది. సిద్ధాంతపరంగా 4.28 గ్రా. రావాలి, 3.2 గ్రా. దాటితే బాగా వచ్చినట్టే. ద్రవీభవన స్థానం 167° దగ్గర ఉండాలి. తక్కువగా చూపితే ముందు తడిని అనుమానించండి. బాగా ఆరబెట్టి మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గితే డైబ్రోమోనో, మిగిలిపోయిన అసిటనిలైడో (114°) ఉన్నట్టు.

బ్రోమిన్ తగిలిన గాజుసామాన్లను అసిటోన్‌తో మాత్రం కడగవద్దు. కళ్ళు మండించే బ్రోమోఅసిటోన్ పుడుతుంది. ముందు థయోసల్ఫేట్, తర్వాత నీళ్ళు.