‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ ఇంట్లో రికార్డ్ చేసే ముందు

ఇంగ్లండ్ రాక్ బృందం జెనెసిస్ వాళ్ల 1973 నాటి పాట ఇది. ఈ సెలవుల్లో కీబోర్డు మీద పట్టుకుందామనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• క్లిక్‌ను (తాళం కోసం వినిపించే టిక్ టిక్ శబ్దాన్ని) మామూలు నాలుగు లెక్కల 4/4లో పెట్టి మొదలుపెట్టొద్దు. బృందం కీబోర్డు వాద్యకారుడు టోనీ బ్యాంక్స్ పియానో ఆరంభం 2/4, 13/16, 15/16 మధ్య తిరుగుతుంది. తాళం మార్పులన్నీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందే గుర్తించి పెట్టుకోండి. లేకపోతే దాని మీద వాయించిన ఆర్గన్, సింథ్ (సింథసైజర్) అన్నీ మళ్లీ మొదటినుంచీ వాయించాలి. పదహారో వంతు నోట్లను నోటితో లెక్కపెట్టుకుంటూ రెండు రోజులు గడపండి, వేళ్ల సంగతి తర్వాత. ఏడు లెక్కల మిశ్రచాపు తాళం అలవాటున్నవాళ్లకు బేసి లెక్క అంత బెదురు పుట్టించదు.

• సస్టెయిన్ పెడల్ గుచ్చాకే కీబోర్డు ఆన్ చేయండి. చాలా మోడళ్లు ఆన్ అయ్యే క్షణంలోనే పెడల్‌ను గుర్తిస్తాయి. తర్వాత గుచ్చితే తిరగబడి పనిచేయొచ్చు.

• బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు. శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది, ఈ పాటలో అది నరకం. వైరుదే వాడండి, సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యాన్ని నిర్ణయించే బఫర్‌ను 128 శాంపిళ్ల దగ్గర ఉంచండి.

• పియానో ఆరంభంలోని బాణీయే పాట మధ్యలో సింథ్ మీద తిరిగొస్తుంది. అక్కడ మోనో మోడ్ (ఒకసారికి ఒకే స్వరం పలికే అమరిక) పెట్టండి. ఆ నాటి ఆర్ప్ ప్రో సోలోయిస్ట్ సింథ్ అలాగే ఒక్క స్వరమే పలికేది.

• మెలోట్రాన్ (మీట నొక్కితే టేపు మీది శబ్దం పలికే పాత కీబోర్డు) స్వరాన్ని ఎనిమిది సెకన్లు దాటించొద్దు. అసలు యంత్రంలో టేపు అంతే ఉండేది.