అమెరికాలో ఇల్లు మారారా? ముందు చిరునామా మార్చండి

2025 ఫిబ్రవరి 5న సంకెళ్లు వేసిన 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగినప్పుడు, మన వైపు తల్లిదండ్రులు చాలామంది ‘మా పిల్లలు వీసాతోనే వెళ్లారు కదా’ అని ధైర్యం చెప్పుకున్నారు. అదే నెల 28న వెలువడిన మరో విధానం మాత్రం వీసాతో వెళ్లినవారికీ వర్తిస్తుంది. ఇమిగ్రేషన్ శాఖ ఏదైనా దరఖాస్తును తిరస్కరించే నాటికి దరఖాస్తుదారుకు చట్టబద్ధమైన స్టేటస్ లేకపోతే, డిపోర్టేషన్ కోర్టుకు రమ్మనే నోటీసు పంపాలన్నది దాని సారాంశం. అధ్యక్షుడు మారినంత మాత్రాన చట్టం మారదు, మూలం 1952 నాటి చట్టమే. దానిని ముందుగా ఎవరిపై, ఎంత కఠినంగా ప్రయోగించాలన్న నిర్ణయమే మారుతుంది.

పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసాకు కళాశాల ఇచ్చే పత్రం) జాగ్రత్తలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. చదువూ ఉద్యోగమూ సవ్యంగా ఉండి కూడా మనవాళ్లు చితికిపోవడానికి కారణమైన పొరపాటు ఒకటి చూశాను: చిరునామా మార్చకపోవడం. నోటీసు రికార్డులో ఉన్న చిరునామాకే తపాలాలో వెళ్తుంది. డాలస్‌లోనో జెర్సీ సిటీలోనో నలుగురు కలిసి తీసుకున్న అపార్ట్‌మెంటు లీజు ముగియగానే చేతులు మారుతుంది, తరువాత దిగినవారు ఆ కవరును ప్రకటనల కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేస్తారు. విచారణకు మీరు రాకపోతే జడ్జి మీ పరోక్షంలోనే డిపోర్టేషన్ ఉత్తర్వు ఇవ్వగలరు, ఆ ఉత్తర్వుతో దేశం విడిచినవారికి సాధారణంగా 10 ఏళ్లు తిరిగి ప్రవేశం ఉండదు. నోటీసు అందలేదని కేసును మళ్లీ తెరవమని కోరవచ్చు గానీ, చిరునామా తెలపని తప్పు మీదే అయితే ఆ వాదన నిలవడం చాలా కష్టం.

ఇల్లు మారిన 10 రోజుల్లోగా, ఎఫ్-1 విద్యార్థులు కళాశాలలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి అయిన డీఎస్‌ఓకు తెలపాలి, ఓపీటీలో (చదువు తరువాత తాత్కాలికంగా పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉన్నవారు విదేశీ విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే ఎస్‌ఈవీపీ పోర్టల్‌లోనూ మార్చుకోవచ్చు. హెచ్-1బీ వారు, వారిపై ఆధారపడినవారు ఇమిగ్రేషన్ శాఖకు ఇచ్చే చిరునామా మార్పు ఫారం ఏఆర్-11 నింపాలి. కేసు కోర్టుకు చేరితే 5 రోజుల్లోగా కోర్టుకు చిరునామా మార్పు ఫారం ఈఓఐఆర్-33 విడిగా ఇవ్వాలి, ఎందుకంటే ఇమిగ్రేషన్ శాఖకు చెప్పినది కోర్టుకు చెప్పినట్టు కాదు.

పాత చిరునామాకు వచ్చే ఉత్తరాలు కొత్త ఇంటికి పంపేలా పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టుకుంటే సరిపోదు. చిరునామా మార్చండి. మార్చినట్టు వచ్చిన రసీదు దాచండి. మెయిల్‌బాక్సుపై మీ పేరు అంటించండి. నోటీసుపై ఉన్న ఏ-నంబరు (మీ కేసును వెతికేందుకు వాడే గుర్తింపు సంఖ్య) ఇంట్లోవారికీ రాసి ఇవ్వండి. విచారణ తేదీ చెప్పినదానికంటే ముందే రావచ్చు కనుక కోర్టు వెబ్‌సైటులో తేదీని తరచూ చూడండి. ఈ కోర్టులో ప్రభుత్వం మీకు లాయరును పెట్టదు, ముందే మాట్లాడుకోండి. లేని ఉద్యోగాన్ని చూపే కన్సల్టెన్సీ లేఖ తీసుకోవద్దు. అధికారులకు అబద్ధం చెప్పవద్దు. చదవని కాగితంపై సంతకం పెట్టవద్దు. నోటీసు అందాక, ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని కోర్టుకు చెప్పకుండా హైదరాబాదు విమానం ఎక్కవద్దు: విచారణకు రాలేదన్న ఉత్తర్వు మీరు ఇంటికి చేరాక కూడా వెలువడవచ్చు.