సి డ్రైవ్ నిండిందని డి డ్రైవ్‌ను కదిలించే ముందు

శ్రావణ మాసపు ముహూర్తాల రద్దీలో మా పట్టణంలోని ఒక ఫోటో స్టూడియోలో సి డ్రైవ్ నిండిపోయి, ఆల్బమ్ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు బ్యాకప్ ఉందా అని అడిగితే యజమాని ఉందన్నారు. ఆయన లెక్కలో బ్యాకప్ అంటే డి డ్రైవ్‌లో ఆ పేరుతో ఉన్న ఫోల్డర్. కుర్రవాడు ఆ మాట నమ్మి డి ని తొలగించి, ఆ చోటంతా సి కి కలిపేశాడు. దాంతో డి లోని పెళ్లి ఫోటోలన్నీ పోయాయి. మెమరీ కార్డులను అప్పటికే ఫార్మాట్ చేసి తర్వాతి పెళ్లికి వాడేశారు. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేలోపు, సి డ్రైవ్ ఎర్రగీత చూపిస్తున్న వారందరూ ఈ విషయం తెలుసుకోవడం అవసరం.

చాలామంది కంప్యూటర్లలో డి అనేది వేరే డిస్క్ కాదు. కొన్నచోట 512 జీబీ ఎస్‌ఎస్‌డీని సి కి 100, మిగిలినది డి కి అని విడగొట్టి ఇస్తారు. అవి ఒకే బీరువాలోని రెండు అరలు; ఈ అరలనే పార్టిషన్లు అంటారు. ఆ డిస్క్ చెడిపోయినా, ఎవరైనా పొరపాటున మొత్తం తుడిచినా రెండూ కలిసే పోతాయి. విండోస్‌లో డిస్కులను, వాటి పార్టిషన్లను చూపే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి కింది భాగం చూడండి. సి, డి రెండూ 'డిస్క్ 0' అన్న ఒకే వరుసలో ఉంటే, డి లో దాచినది బ్యాకప్ కాదు. వేరే వరుసలో కనిపించే డిస్క్‌లోనో, బయటి హార్డ్ డిస్క్‌లోనో ఉంటేనే అది బ్యాకప్.

డి ని తొలగించే ఆలోచన ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. డి ని కుదించి ఖాళీ చోటు తీస్తే, ఆ ఖాళీ డి కి కుడి చివరన మిగులుతుంది. డ్రైవ్ పరిమాణం పెంచే, విండోస్‌లోని 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మాత్రం సి కి కుడిపక్కన ఆనుకుని ఉన్న ఖాళీనే తీసుకుంటుంది. అందుకే ఆ మెనూ మసకగా కనిపిస్తుంది; దాన్ని వెలిగించడానికి డి ని డిలీట్ చేస్తారు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మధ్యన, విండోస్‌ను బాగుచేసుకోవడానికి ఉంచిన రికవరీ పార్టిషన్ కూడా అడ్డుంటుంది కనుక, డి ని పోగొట్టుకున్నాక కూడా ఆ మెనూ మసకగానే మిగులుతుంది.

నిజానికి చాలాసార్లు పార్టిషన్ జోలికి వెళ్లనవసరమే లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే చోటు ఎక్కడ పోతోందో కనిపిస్తుంది. విండోస్ 10 కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగియడంతో చాలామంది 11 కు మారారు. మారిన వెంటనే పాత వ్యవస్థ అంతా 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్‌లో ఉంటుంది. సాధారణంగా 10 రోజుల తర్వాత విండోసే దాన్ని తీసేస్తుంది. ముందే తీసేస్తే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. కంప్యూటర్‌ను ఆపినా తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి ఉంచే హైబర్నేషన్ ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా చోటు తీసుకుంటుంది. డెస్క్‌టాప్ వాడేవారు హైబర్నేషన్‌ను ఆపేసుకోవచ్చు, అయితే కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. వీడియో ఎడిటింగ్ చేసేవారు మొదట చూడవలసింది సాఫ్ట్‌వేర్ తన పని వేగం కోసం తాత్కాలిక ఫైళ్లు దాచుకునే క్యాషె ఫోల్డర్. దాని స్థానాన్ని సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోనే డి కి మార్చండి. క్యాషె పోయినా మళ్లీ తయారవుతుంది, పెళ్లి ఫోటోలు అలా తయారు కావు.

ఇక చేయకూడనివి. టెంపరరీ ఫైల్స్ తుడిచేటప్పుడు ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. దానికి టిక్ ఉందో లేదో చూడకుండా రిమూవ్ నొక్కవద్దు. విండోస్ తన సొంత ఫైళ్లు ఉంచుకునే 'విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్' ఫోల్డర్ పరిమాణం చూసి బెదిరి చేత్తో తొలగించవద్దు. అందులోని చాలా ఫైళ్లు వేరే ఫోల్డర్లలోనూ కనిపించే అవే ఫైళ్లు, రెండుసార్లు లెక్కకు వచ్చి పెద్దదిగా కనిపిస్తుంది. విండోస్‌లోని 'ఇన్‌స్టాలర్' ఫోల్డర్‌ను ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ప్రోగ్రాములను అప్‌డేట్ చేయడానికీ, తీసేయడానికీ వీలు లేకుండా పోవచ్చు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో డిలీట్ నొక్కవద్దు, క్లౌడ్‌లోనూ పోతుంది. ఫైల్‌ను క్లౌడ్‌లో ఉంచి కంప్యూటర్‌లో మాత్రమే చోటు ఖాళీ చేసే 'ఫ్రీ అప్ స్పేస్' వాడండి. విండోస్ సెట్టింగ్స్ జాబితాను శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు వద్దు. రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లకుండా తుడిచేసే షిఫ్ట్ డిలీట్ వద్దు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసుకోకుండా పార్టిషన్ మార్చవద్దు. పార్టిషన్‌ను జరిపే సాఫ్ట్‌వేర్‌ను యూపీఎస్ లేని కంప్యూటర్‌లో నడపవద్దు, మధ్యలో కరెంటు పోతే సగం జరిగిన డేటా చదవడానికి రాదు. ఆదేశాలు టైప్ చేసి డిస్కులను మార్చే డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్' అని కొట్టవద్దు. అది ఎంచుకున్న డిస్క్‌లోని పార్టిషన్లన్నిటినీ తీసేస్తుంది. డి లో కాపీ ఉంది కదా అని సి లోనివి తుడవవద్దు. డి వేరే డిస్క్ కాదు. బాగుచేసే మనిషి బ్యాకప్ ఉందా అని అడిగితే, ఏ డిస్క్‌లో ఉందో చూపించకుండా ఉందని చెప్పవద్దు.

ఫైళ్లు ఇప్పటికే పోయి ఉంటే కంప్యూటర్‌ను వెంటనే ఆపేయండి. ఎస్‌ఎస్‌డీలో తుడిచిన ఫైళ్ల చోటును విండోస్ ఇక అవసరం లేదని ట్రిమ్ అనే ఆదేశంతో డిస్క్‌కు తెలియజేస్తుంది; ఆ పని జరిగిపోయాక రికవరీ సాఫ్ట్‌వేర్‌కు సాధారణంగా ఏమీ దొరకదు. పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఎక్కువ. ఏదైనా సరే, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయవద్దు, దొరికిన ఫైళ్లను అందులోనే సేవ్ చేయవద్దు. డిస్క్‌ను విప్పి మరో కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లను ఆ కంప్యూటర్‌లోకి తీసుకోండి.