బ్రౌజర్‌తో ఫైళ్లు పంపడం, 3వ పాఠం: పక్కనే ఉన్నా కనబడకపోతే

గత పాఠంలో ఇంట్లో రెండు ఫోన్లలో పెయిర్‌డ్రాప్ (యాప్ అక్కర్లేకుండా బ్రౌజర్‌లోనే ఫైళ్లు పంపే వెబ్‌సైట్) పేజీ తెరిచి ఫొటో పంపాం. అదే పని నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపులో చేసి చూడండి. కౌంటర్ అవతలి కంప్యూటర్ మీ ఫోన్‌లో కనబడదు. మీ ఫోన్ సిమ్ డేటా మీద నడుస్తోంది, షాపు కంప్యూటర్ బ్రాడ్‌బ్యాండ్ మీద. ఈ పేజీ మామూలుగా ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లనే ఒకరికొకరిని చూపిస్తుంది.

షాపులో ల్యాప్‌టాప్ ఉంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి దాన్ని కలపమనండి. డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై ఉండదు, అప్పుడు షాపు వైఫై పాస్‌వర్డ్ మీరే అడగాలి. కలిశాక రెండుచోట్లా పేజీని రీలోడ్ చేయండి. అవతలి పేరు మీద నొక్కి, ఫైల్ ఎంచుకుంటే, తీసుకుంటారా అని వాళ్లను అడుగుతుంది. వాళ్లు ఒప్పుకున్నాకే ఫైల్ కదులుతుంది. పూర్తయ్యేదాకా స్క్రీన్ ఆరిపోనివ్వద్దు. పెద్ద వీడియోలు సగంలో ఆగేది ఎక్కువగా ఇందుకే.

పేజీ తెరుచుకోవడానికి కొద్దిగా నెట్ కావాలి. ఆ తర్వాత సర్వర్ పని ఇద్దరినీ పరిచయం చేయడం వరకే. ఫైల్ వెబ్‌ఆర్‌టీసీ (రెండు బ్రౌజర్లను నేరుగా కలిపే టెక్నాలజీ) దారిలో, మధ్యలో ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ అయి, నేరుగా వెళ్తుంది. గూగుల్ 2011లో బయటపెట్టిన ఈ టెక్నాలజీ 2021 జనవరిలో వెబ్ ప్రమాణమైంది. హాట్‌స్పాట్ మీద ఇలా పంపితే పెళ్లి వీడియో అంతా వెళ్లినా మీ రోజువారీ డేటా దాదాపు కదలదు. 2020 జూన్‌లో ఫైళ్లు పంపే షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు మన దేశంలో నిషేధమయ్యాక చాలామంది వాట్సాప్‌కే అలవాటుపడ్డారు గానీ, పక్కనున్న మనిషికి పంపడానికి ఫైల్ ఎక్కడో సర్వర్ దాకా పోయి రావడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఇంకో చిక్కు. లాడ్జి, ఆసుపత్రి లాంటి చోట్ల ఉచిత వైఫైలో పేరు కనబడుతుంది, ఫైల్ మాత్రం కదలకపోవచ్చు. అలాంటి చోట్ల రూటర్ చాలాసార్లు ఒక ఫోన్‌ను ఇంకో ఫోన్‌తో మాట్లాడనివ్వదు. ఆ వైఫై వదిలేసి హాట్‌స్పాట్‌కు రండి.

ఆధార్ పంపితే కథ అక్కడితో అయిపోదు. అది షాపు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. ప్రింట్ చేతికి రాగానే, “అన్నా, ఆ ఫైల్ డిలీట్ చెయ్యి, రీసైకిల్ బిన్‌ల గూడ తీసెయ్” అని మొహమాటం లేకుండా అడగండి.

వచ్చే పాఠంలో ఆరంకెల కోడ్‌తో దేవరకొండలో ఉన్నవాళ్లకు పంపుదాం. ఆలోగా ఇంట్లో వైఫై ఆపేసి, హాట్‌స్పాట్ మీద ఒక పెద్ద వీడియో పంపి చూడండి. ముందూ తర్వాతా ఫోన్‌లో డేటా వాడకం ఎంతుందో రాసిపెట్టుకోండి, ఆ లెక్క అప్పుడు కావాలి.