హ్యాంగోవర్ తగ్గించే మందు నిజంగా పనిచేసిందా? తేల్చుకోవడం ఇలా

"ఇది వేసుకో, పొద్దున్నకి ఏమీ ఉండదు" అని ఎవరైనా ఒక గోళీయో పొడో చేతిలో పెడితే ముందు ఒక్కటే అడగండి: దేంతో పోల్చి చూశారు? ఎందుకంటే హ్యాంగోవర్, అంటే బాగా తాగిన మర్నాడు ఉండే తలనొప్పీ వికారం, ఏ మందూ లేకపోయినా దానంతటదే తగ్గిపోతుంది, చాలామందికి ఒక రోజులోనే. పదింటికి గోళీ వేసుకుని మధ్యాహ్నానికి తేరుకున్న మనిషి అబద్ధం చెప్పడం లేదు, కానీ గోళీ లేకపోతే ఏమయ్యేదో ఆయనకీ తెలియదు కదా.

ముందు టైమ్ చూడండి, చాలామంది పొరబడేది ఇక్కడే. పరిశోధకులు హ్యాంగోవర్ అని పిలిచేది రక్తంలో ఆల్కహాల్ సున్నాకి దగ్గరపడ్డాక మొదలయ్యే బాధలనే. శరీరం గంటకి సుమారు 0.015 శాతం చొప్పున తగ్గిస్తుంది, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే అర్ధరాత్రికి 0.12 శాతం ఉంటే అది పోవడానికి పొద్దున ఎనిమిది అవుతుంది. ఆరింటికి లేచి "నాకేం కాలేదు, మందు భలే పనిచేసింది" అనుకునేవాళ్లకి మత్తే ఇంకా దిగలేదు. ఆ స్థితిలో బండి తీయకండి, ప్లీజ్.

"ముల్లుని ముల్లుతోనే తీయాలి" అని పొద్దున్నే ఇంకో పెగ్గు వేయడం కూడా ఇలాంటిదే, బాధని వాయిదా వేస్తుంది అంతే.

తర్వాత మార్కు వేయండి. 0 (ఏ బాధా లేదు) నుంచి 10 (భరించలేనంత) లోపు ఒక్క అంకె, లేవగానే ఒకసారి, మళ్లీ రెండు గంటలకోసారి. పక్కనే ఎంత తాగారు, ఏ టైమ్‌కి ఆపారు, ఎంతసేపు నిద్రపోయారు రాయండి. ఇవి రాయకపోతే రెండు రోజుల్ని పోల్చలేం: ఒక రోజు నాలుగు పెగ్గులు, ఇంకో రోజు రెండు పెగ్గులూ గోళీ అయితే, తేడా గోళీదని ఎలా అంటాం? పరీక్ష కోసమని మాత్రం తాగొద్దు.

పోల్చడం అంటే ఏంటో 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూస్తే తెలుస్తుంది. 95 మందికి ఒక రాత్రి బర్బన్ (ఒక రకం అమెరికన్ విస్కీ) లేదా వోడ్కా ఇచ్చి, ఇంకో రాత్రి ఆల్కహాల్ లేని డ్రింక్ ఇచ్చి, ల్యాబ్‌లోనే పడుకోబెట్టి నిద్రని యంత్రాలతో కొలిచి, పొద్దున్నే బుర్ర ఎలా పనిచేస్తోందో పరీక్షలు పెట్టారు. బర్బన్‌లో రంగూ వాసనా ఇచ్చే పదార్థాలు (కంజెనర్లు) వోడ్కా కంటే 37 రెట్లు ఎక్కువ. బర్బన్ తాగినవాళ్లు ఒంట్లో ఎక్కువ బాగోలేదన్నారు, కానీ పరీక్షల్లో రెండు గుంపులూ ఒకేలా దెబ్బతిన్నాయి. అంటే తల తేలిగ్గా ఉందని బుర్ర మామూలుగా పనిచేస్తోందని కాదు. నాకు ఈ ఒక్క సంగతే చాలా విలువైనదిగా అనిపిస్తుంది.

ఇక "శాస్త్రీయంగా నిరూపితం" అని ప్యాకెట్ మీద ఉంటే? 2021 చివర్లో వచ్చిన ఒక సమీక్ష 21 ట్రయల్స్‌ని కలిపి చూసింది, మొత్తం మనుషులు 386 మందే, ఎనిమిది ట్రయల్స్‌లో ఆడవాళ్లే లేరు, ఏ మందునీ రెండు ట్రయల్స్ పరీక్షించలేదు. ఆధారాల నాణ్యత చాలా తక్కువని తేల్చింది. కాబట్టి ప్లాసిబో (పోల్చడానికి ఇచ్చే, మందేమీ లేని ఉత్తుత్తి గోళీ) ఉందా, ఎంతమంది, ఇంకెవరైనా మళ్లీ చేసి చూశారా, ఈ మూడూ అడగండి.

నీళ్లు తాగండి, నాలుక పిడచకట్టుకుపోవడం తగ్గుతుంది, కానీ తలనొప్పీ వికారం నీళ్లతోనే పోతాయనుకోకండి. మద్యం ఎక్కువ తాగాక పారాసెటమాల్ లివర్‌కి ప్రమాదం కావచ్చు, ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు రేపొచ్చు. ఖచ్చితంగా పనిచేసేది తక్కువ తాగడం, లేదా అసలు తాగకపోవడం.

మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా, ఆగకుండా వాంతులవుతున్నా అది హ్యాంగోవర్ కాదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా, వెంటనే అంబులెన్స్ పిలవండి.