నలభై దాటాక నెలసరి గతి తప్పితే: గర్భసంచి ఆపరేషన్‌కు ఊ అనే ముందు

పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే ఇంకో లెక్క మొదలుపెట్టండి. నెలసరి వచ్చిన తేదీకి సున్నా చుట్టండి. ఆ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారో పక్కన అంకె వేయండి. గడ్డలు పడితే ‘గ’, ఒంట్లోంచి ఆవిర్లు వస్తే ‘ఆ’, రాత్రి నిద్ర పట్టకపోతే ‘ని’. మూడు నెలల కాగితాలు ముందు పెడితే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. ‘చాన్నాళ్ళ నుంచీ ఇంతేనండీ’ అంటే ఆవిడకూ ఏం తోచదు.

ముట్లు పూర్తిగా ఆగిపోయే వయసు మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళు. దానికి కొన్నేళ్ళ ముందు నుంచే తేదీలు అటూ ఇటూ అవుతాయి. పెరిమెనోపాజ్ అనేది ఈ కాలాన్నే. ఒక నెలకూ ఇంకో నెలకూ ఏడు రోజులకు మించిన తేడా పదేపదే వస్తుంటే అది మొదలైనట్టు. అరవై రోజులు దాటినా రాకుండా ఉంటుంటే చివరికి దగ్గరపడినట్టు. వరసగా 12 నెలలు రాకపోతేనే ముట్లుడిగినట్టు లెక్క. నలభై లోపే ఇదంతా జరుగుతుంటే మాత్రం వయసు మీదికి తోసేయకండి, త్వరగా చూపించుకోండి.

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మెల్లగా తగ్గిపోతుంది, అందుకే ఈ బాధలు అని చాలామంది అనుకుంటారు. మొదట్లో అది తగ్గడం కాదు, ఎగుడుదిగుడుగా ఉండటం. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోన్ తయారవదు. అదుపు చేసేది లేక గర్భసంచి లోపొర మందంగా పెరిగి, తర్వాత ఎప్పుడో ఒక్కసారిగా ఊడుతుంది. రెండు నెలలు రాలేదని ఊపిరి పీల్చుకుంటే మూడో నెల పది రోజులు ఆగకపోవడం ఇందుకే. 45 దాటినవాళ్ళు ముట్లుడిగే దశను చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్షకు డబ్బు పెట్టడం దండగ అన్నదీ ఇందుకే: ఇవాళ ఎక్కువ చూపించింది వచ్చే నెల మామూలుగా ఉండొచ్చు.

‘చెడు రక్తమే కదా, పోనీ’ అనే మాట ఇళ్ళల్లో వినిపిస్తూనే ఉంటుంది. చెడు రక్తమంటూ ఏదీ లేదు. పోయేది ఒంట్లో ఇనుమే. గంటకో ప్యాడ్ తడిసిపోవడం వరసగా రెండు గంటలు జరిగితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కళ్ళు తిరుగుతుంటే 108కి ఫోన్ చేయండి. పది రూపాయల బిళ్ళంత గడ్డలు, ఏడు రోజులు దాటిన రక్తస్రావం, నెల మధ్యలో మరకలు, భార్యాభర్తలు కలిశాక రక్తం కనిపించడం, వీటిలో ఏది ఉన్నా వాయిదా వేయకండి.

మొదట అడగాల్సిన పరీక్షలు పెద్ద ఖర్చువి కావు. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. ఫెరిటిన్ చూస్తే ఇనుము నిల్వలు తెలుస్తాయి. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్. వీటితోపాటు మూత్రంతో గర్భ పరీక్ష కూడా. ‘పిల్లల ఆపరేషన్ ఎప్పుడో అయింది, ఇంకా ఇదెందుకు’ అని తోసేయకండి. ఆ ఆపరేషన్ అరుదుగా విఫలమైనప్పుడు గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంది. ఆపరేషన్ చేయించుకోనివాళ్ళకు గర్భం వచ్చే అవకాశం ఎలాగూ ఉంటుంది. యాభై లోపు ముట్లు ఆగితే రెండేళ్ళు, యాభై దాటాక ఆగితే ఏడాది జాగ్రత్త పాటించాలి. 45 దాటి రక్తస్రావం గతి తప్పితే గర్భసంచి లోపొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో ల్యాబులో చూసే పరీక్షకు పంపించాలి. ఇది తప్పించుకోకూడని పరీక్ష.

ఇక స్కానింగ్ రిపోర్టు. జనం బెదిరిపోయేది ఇక్కడే. ‘బల్కీ యుటెరస్’ (గర్భసంచి కాస్త పెద్దదిగా ఉంది) అన్న మాట పిల్లల్ని కన్న ఆడవాళ్ళ రిపోర్టుల్లో తరచూ ఉంటుంది, అది జబ్బు పేరు కాదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర ‘నబోతియన్ సిస్టు’ అనే చిన్న నీటిబుడగ కూడా అంతే. లోపొర మందం 12 మిల్లీమీటర్లని రాస్తే, స్కానింగ్ ఏ రోజున చేశారో చూడండి. నెలసరికి ముందు రోజుల్లో ఆ మందం మామూలే. రక్తస్రావం ఆగిన వెంటనే చేయిస్తే సరైన అంకె వస్తుంది. బాధ పెట్టని చిన్న ఫైబ్రాయిడ్లను (గర్భసంచిలో పెరిగే, క్యాన్సర్ కాని కణితులను) గమనిస్తూ ఉంటే చాలు, ముట్లుడిగాక అవే కుంచించుకుపోతాయి.

ఆ రిపోర్టు చేతిలో పెట్టి ‘తీసేయిస్తే పీడా పోతుంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది’ అంటే ఒక్క నిమిషం ఆగండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది. మన ఆడవాళ్ళ గర్భసంచులే ప్రత్యేకంగా చెడిపోతున్నాయని ఎవరూ నమ్మరు. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను ఆదేశించింది.

ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేవాళ్ళు ఉంటారు. బయాప్సీలో క్యాన్సర్ తేలినా, మందులన్నీ వాడినా రక్తం ఆగకపోయినా అది ప్రాణం నిలబెడుతుంది. కానీ దానికి ముందు మెట్లున్నాయి. రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే, ఐదు రోజులకు మించకుండా వాడే ట్రానెక్సమిక్ యాసిడ్ మాత్రలు రక్తాన్ని సగానికి దగ్గరగా తగ్గిస్తాయి. కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి పనికిరావు. ప్రొజెస్టెరాన్ తరహా మాత్రలు ఇంకో మెట్టు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, కొన్నేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదు. దీనితో ఎక్కువగా వచ్చే చిక్కు ఇది: మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా మరకలు పడతాయి. ‘పడలేదు’ అని రెండో నెలలోనే తీయించుకుంటే డబ్బూ పోతుంది, ఫలితమూ రాదు.

చివరికి ఆపరేషనే అన్నా ఈ ప్రశ్న అడగకుండా సంతకం పెట్టకండి: ‘అండాశయాలు ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? తీస్తే ఎందుకు?’ ముట్లుడగక ముందే రెండూ తీసేస్తే ఆవిర్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతాయి. అప్పుడు వైద్యపరంగా అడ్డంకి లేనివాళ్ళు యాభై దాకా హార్మోన్లు వాడాల్సి వస్తుంది. ఇంకో ఊళ్ళో, మొదటి ఆసుపత్రితో సంబంధం లేని డాక్టరుకు రిపోర్టులు చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. బయాప్సీలో క్యాన్సర్ లేకుండా, రక్తం ప్రమాదకరంగా పోకుండా ఉంటే వారం పది రోజులు ఆగినా కొంప మునగదు.

వ్రతాలకూ పెళ్ళిళ్ళకూ మెడికల్ షాపులో అడిగి వేసుకునే వాయిదా మాత్రల విషయంలో ఈ వయసులో గట్టిగా ఉండాలి. అవి అనుకున్న తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టాలి. తేదీయే తెలియనప్పుడు ఆ లెక్క కుదరదు. మధ్యలో మానేస్తే మామూలుకన్నా ఎక్కువ రక్తం పోవచ్చు. అధిక బరువు, పొగ తాగే అలవాటు, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది.

ఆవిర్లు సాధారణంగా ఒకటి నుంచి ఐదు నిమిషాలుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో భరించడం కష్టం. పలచటి నూలుబట్టలు, మంచం పక్కన చెంబుడు నీళ్ళు, సాయంత్రం కాఫీ మానేయడం కొంతవరకు పనిచేస్తాయి. రాత్రిపూట నిద్రే లేకపోతే హార్మోన్ చికిత్స అడగొచ్చు. ముట్లుడిగిన పదేళ్ళలోపు, అరవై లోపు ఆరోగ్యవంతులకు దాని లాభం నష్టంకన్నా ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్ళకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, ప్రొజెస్టెరాన్ తోడుండాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళకు ఇది వద్దు. హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. అయితే చెమటలతోపాటు గుండెలో బరువు, ఎడమచెయ్యి లాగడం, ఆయాసం ఉంటే అది ఆవిరి అనుకుని ఫ్యాన్ కింద కూర్చోకండి, ఈసీజీ తీయించండి.

ఇనుము మాత్ర టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, రెండు గంటల ఎడం ఉండాలి. కాల్షియం మాత్ర కూడా దానితో కలపకండి. నూరు గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది.

చిరాకు, ఊరికే ఏడుపు రావడం, బతుకు మీద విరక్తి రెండు వారాలు దాటితే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు) 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌ల సేవల్లో మెనోపాజ్ కూడా ఉంది. వాటికి మంగళవారం కేటాయించారు. మీ దగ్గర ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడగండి.

క్యాలెండర్ మీద 12 ఖాళీ నెలలు పూర్తయ్యాక కూడా దాన్ని పారేయకండి. ఆ తర్వాత ఎప్పుడైనా, ఒక్క మరకైనా సరే కనిపిస్తే, తేదీ రాసుకుని అదే వారం డాక్టరు దగ్గరకు వెళ్ళండి. అప్పుడు లోపొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే బయాప్సీ తప్పదు.