ఇందిరమ్మ ఇళ్ల లెక్క ఊళ్లోవాళ్లే తేల్చుకోవడం ఎలా

తెలంగాణ హౌసింగ్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. బిల్లు ఆగినవాళ్లు, జాబితాలోంచి పేరు పోయినవాళ్లు ఇప్పటికీ కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో ఇంటికి ఐదు లక్షల రూపాయల ప్రజల సొమ్ము. అందులో ఏ విడత కదలాలన్నా ఎవరో ఒకరు చూసి సరే అనాలి. ఆ సరే అన్నది ఎవరో, ఏ తేదీనో కాగితం మీద పట్టుకోండి.

ముందు ఎవరి పని ఏదో తెలుసుకోవాలి. పేరు సిఫారసు చేసేది ఊళ్లోని ఇందిరమ్మ కమిటీ. మంజూరు కలెక్టర్ పేరిట వస్తుంది. పునాది, గోడలు, స్లాబ్ అయ్యాయని ధ్రువీకరించాల్సింది హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). జిల్లాలో ఆయన పైన పీడీ (ప్రాజెక్ట్ డైరెక్టర్) ఉంటారు. సొమ్ము హైదరాబాద్‌లోని హౌసింగ్ కార్పొరేషన్ నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది. కాబట్టి బిల్లు కోసం కమిటీ సభ్యుడి చుట్టూ తిరగొద్దు, బిల్లు ఆయన చేతిలో లేదు. ఆయన డబ్బు అడిగితే అసలే ఇవ్వొద్దు.

పేరు దగ్గరే గొడవైతే గ్రామసభ తీర్మానం తీయించండి. 2025 జనవరి 21 నుంచి 24 వరకు ఊరూరా సభలు పెట్టి జాబితాలు చదివారు. ఆ రోజు చదివిన జాబితా, తర్వాత మంజూరైన జాబితా పక్కపక్కన పెట్టి, కొత్తగా చేరిన పేర్ల కింద గీత గీయండి. ఆ జాబితాల కోసం గ్రామ పంచాయతీకి ఇచ్చే సమాచార హక్కు (ఆర్టీఐ) దరఖాస్తుకు ఫీజు లేదు. మండలాఫీసుకు 5 రూపాయలు, జిల్లాఫీసుకు 10. తెల్ల కార్డు ఉంటే జిరాక్స్ జత చేయండి, ఆ ఫీజూ ఉండదు.

దరఖాస్తులో "ఎందుకు" అన్న మాట రానివ్వకండి. చట్టం ఇప్పించేది రికార్డునే, సంజాయిషీని కాదు. "మా బిల్లు ఎందుకు ఆపారు" అని రాస్తే "సమాచారం పరిధిలోకి రాదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. ఇలా రాయండి:

"మా గ్రామ పంచాయతీలో ఇందిరమ్మ ఇళ్లు మంజూరైన లబ్ధిదారుల జాబితా, ఒక్కొక్కరికి దశలవారీగా చెల్లించిన మొత్తం, తేదీ, ఆ దశను ధ్రువీకరించిన అధికారి హోదా, తేదీ, ఆ దశలో తీసిన ఫోటో, నమోదు చేసిన కొలతలు. వీటి నకళ్లు ఇప్పించగలరు. సంబంధిత రికార్డులను స్వయంగా పరిశీలించేందుకు తేదీ తెలపగలరు."

ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అడగొద్దు. వ్యక్తిగత సమాచారం అంటూ మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టడానికి అదొక సాకవుతుంది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని 2023 డేటా రక్షణ చట్టం మార్చాక ఆ సాకు మరింత సులువైంది, ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది. అందుకే దరఖాస్తులోనే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) పేరెత్తండి. సబ్సిడీ పథకాల్లో ఎవరికి ఎంత ఇచ్చారో ఎవరూ అడక్కముందే ప్రకటించాలని అందులోనే ఉంది.

నకళ్ల కంటే స్వయంగా చూడటమే మేలంటాను. మొదటి గంట ఉచితం. ఇద్దరు వెళ్లండి, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకోవాలి. ఫోటోల దగ్గర తొందరపడకండి. ఒక ఊరి ఫైల్లో రెండు పేర్ల మీద ఉన్న బేస్‌మెంట్ ఫోటోల్లో వెనక ఒకటే నీలం డ్రమ్ము, అదే మూల విరిగిన ప్రహరీ కనిపించాయి. ఒకే పునాదికి రెండుసార్లు లక్ష చొప్పున వెళ్లింది. ఫోటో మీద అక్షాంశం, రేఖాంశం ఉంటే రాసుకుని, ఊళ్లో ఆ చోటికి వెళ్లి ఫోన్‌లో సరిచూడండి. అక్కడ గోడ ఉందా, గడ్డి ఉందా చూస్తే తేలిపోతుంది.

కొలతలకూ టేపు పట్టండి. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల్లోపు ఉండాలి. 600 దాటిందని బిల్లు ఆపితే, ఏఈ రాసిన కొలత ఎంతో, మీ టేపు చూపేది ఎంతో పక్కపక్కన రాసి పెట్టుకోండి. కాంట్రాక్టర్లు కట్టిన డబుల్ బెడ్రూం ఇళ్లయితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ఇంకో అడుగు ముందుకేసింది: వాడిన సామగ్రి నమూనాలు, ధ్రువీకరించినవి, అడిగి తీసుకోవచ్చు. స్లాబ్ కారుతున్న కాలనీల వాళ్లు ఈ హక్కు వాడుకోవాలి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే ఆఫీసు పైఅధికారికి మొదటి అప్పీలు వేయండి. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా ఉంటుందని అందులో ఒక వాక్యం రాయండి, చాలా ఫైళ్లు అక్కడే కదులుతాయి. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు, 90 రోజుల్లోపు. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, తెలంగాణలో కమిషనర్లే లేకపోయారు. అందుకే మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా పట్టుబట్టమంటాను.

తేడా దొరికితే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. ఫిర్యాదు ఒక్క పేజీ చాలు, వెనక ఆర్టీఐ నకళ్లు, మీరు తీసిన ఫోటోలు. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావొద్దు. నెల చూసి ఆ నంబరు మీదే ఇంకో దరఖాస్తు వేయండి: "ఈ ఫిర్యాదుపై ఏ అధికారికి రాశారు, ఆయన ఇచ్చిన నివేదిక నకలు ఇప్పించగలరు."